ఒకే ఇంటికి రెండు హాల్ టికెట్లు

మొన్న కొత్తగూడెం నుంచి మణుగూరు వస్తుంటే, బస్సులో నా పక్క సీటు అమ్మాయి ఫోనులో ఏదో మాక్ టెస్ట్ రాస్తోంది. ఆ రోడ్డు సంగతి తెలిసిందే. బొగ్గు లారీలు తొక్కి తొక్కి చేసిన గుంతల్లో బస్సు పడ్డప్పుడల్లా ఆమె వేలు ఒక జవాబు మీద పెట్టబోయి ఇంకోదాని మీద పడుతోంది. తనలో తనే గొణుక్కుంటూ మళ్లీ సరిచేసుకుంటోంది. తెర మూలన ఎర్రగా తరిగిపోతున్న సమయాన్ని చూస్తుంటే, నాకు ఏ సంబంధమూ లేని ఆ పరీక్షకు నేనే తొందరపడిపోయాను. కిటికీ బయట టేకు చెట్లు చూద్దామనుకున్నాను గాని చూపు మళ్లీ ఆ ఫోను మీదికే పోయింది. దిగేదాకా ఆమెతో పాటు నేనూ రాశాను.

నేను ఎం.ఎస్సీ. ప్రవేశ పరీక్షకు చదివింది ఒక మణుగూరు ఎండాకాలంలో. డిగ్రీ అయిపోయి, పెళ్లయి, పాప పుట్టి, ఆ పాపకే అ ఆలు వచ్చిన తర్వాత. ఆలోచన నాది కాదు, మా ఆడపడుచుది. ఆమె అప్పుడే డిగ్రీ ముగించింది. నాదీ ఆమెదీ ఒకటే సబ్జెక్టు, వృక్షశాస్త్రం. ఒకరోజు ఇంటర్నెట్ సెంటరు నుంచి వచ్చి, "వదినా, నాదాంతోని నీది కూడా నింపిన. ఫోటో మీ పెళ్లి ఆల్బంలది పెట్టిన. ఇగ చదువు" అంది. అందుకే నా హాల్ టికెట్ మీద నేను పాపిట బిళ్లతో, బుగ్గన చుక్కతో, తల వంచుకుని ఉంటాను.

ఆ ఏడే మామయ్య బొగ్గు గని నుంచి రిటైరయ్యాడు. జీవితమంతా షిఫ్టుల మీద బతికిన మనిషికి పగలంతా ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. మంచిగున్న నల్లాను విప్పి, అది కారడం మొదలయ్యేదాకా బాగుచేసేవాడు. మేం చదవడం మొదలుపెట్టగానే ఆయనకు పని దొరికింది. వాకిట్లో కుర్చీ వేసుకుని, చేతి గడియారం చూసుకుంటూ మాకు పరీక్షలు పెట్టేవాడు. "ఇగ పెన్నులు కింద పెట్టుండ్రి" అని ఆయన అన్నాక ఇంకో గీత గీసినా ఒప్పుకునేవాడు కాదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే కిటికీ అద్దాలు గడగడలాడేవి. కాసేపటికి సన్నటి నల్లటి దుమ్ము వచ్చి పుస్తకం మీద వాలేది. కొంగుతో తుడిస్తే పువ్వు బొమ్మ మీదికి బొగ్గు మరింత పాకేది. అయినా నేను పుస్తకం ముందు ఉన్నదెంతసేపు గనక. ఒక పేరా చదవగానే పప్పు ఉడికిందేమో చూడబుద్ధయ్యేది. అది చూసి వస్తూ తీగ మీది బట్టలు ఎండాయేమోనని ముట్టుకునేదాన్ని. ఆడపడుచు గేటుకూ గుమ్మానికీ మధ్య తిరుగుతూ చదివేది. ఇంట్లో కుదురుగా ఉన్నది అత్తమ్మ ఒక్కతే. మోకాళ్ల నొప్పులతో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, మా ముగ్గురి తిరుగుడూ చూస్తుండేది.

ఒకనాడు అన్నం తింటూ మామయ్య అసలు మాట బయటపెట్టాడు. "ఇద్దరికీ సీట్లొస్తే ఎట్ల? మీ అత్తకు కాళ్లు పని చేస్తలేవు. పాప చిన్నది. ఒక్కరే పోవాలె. ర్యాంకు ఎవరికి మంచిగొస్తే వాళ్లు." ఎవరి పక్షమూ వహించలేదు, షిఫ్టులు పంచినట్టే చెప్పాడు. మా ఆయన పళ్లెంలోకి చూస్తూ అన్నం కలుపుతూనే ఉన్నాడు.

ఆ మాటతో ఇంటి తీరే మారిపోయింది. అంతకుముందు మొక్కల శాస్త్రీయ నామాలు ఒకరినొకరం అడుక్కుని, తప్పు చెబితే నవ్వుకునేవాళ్లం. అది ఆగిపోయింది. మార్కులెన్ని వచ్చాయని అడిగితే ఆడపడుచు "ఏదో వచ్చినయ్" అనేది. నేనూ అంతే. వంటింట్లో కూర కలుపుతుంటే ముందు గదిలో ఆమె పేజీ తిప్పిన చప్పుడు నా చెవిన పడేది. నేను ఉల్లిగడ్డ తరిగేలోగా ఆమె ఎంత ముందుకు పోయిందోనని కత్తి ఆగిపోయేది. ఆమెంటే నాకు ఇష్టం. ఆ ఇష్టం తగ్గకుండానే ఆమె పేజీలు తిప్పకుంటే బాగుండనిపించేది.

పరీక్ష ఖమ్మంలో. వానలు పట్టుకున్నాయి. వాగులు పొంగి దారి ఆగిపోతే కష్టమని ముందురోజే బయల్దేరి, దారిలోని కారేపల్లిలో మా చిన్నమ్మ ఇంట్లో దిగాం. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి చిన్నమ్మ మొక్కజొన్న కంకులు కాల్చి ఇచ్చింది. ఆడపడుచు ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. కంకిని అటూ ఇటూ తిప్పుతూ, "వదినా, నాకు రాయబుద్ధయితలేదు" అంది. "నాకొస్తే నువ్ ఇంట్లనే ఉండాలె. నీకొస్తే నేనుండాలె. గిట్లయితే ఎట్ల రాస్త?"

ఆమె కంకి మీది బూడిద దులిపాను. "రేపు నువ్వు బాగా రాయి. నేనూ బాగా రాస్తా. తర్వాత సంగతి తర్వాత" అన్నాను.

"నువ్ మంచిగ రాయకుంటే మాత్రం కొడ్త" అంది. అప్పుడు తింది కంకి.

బాగానే రాశాం. మొదటి జాబితాలో ఆమెకు వరంగల్‌లో సీటొచ్చింది, నాకు రాలేదు. తీర్పు దానంతట అదే వచ్చినందుకు మామయ్య తేలికపడి వీధంతా లడ్డూలు పంచాడు. నేను పుస్తకాలు అటక మీద పెట్టి, ఆమెతో బజారుకు పోయి హాస్టలుకు బకెట్టూ దుప్పటీ కొనిపించాను. ఆమె నా ముఖంలోకి చూడలేకపోయింది.

ఆమె ప్రయాణం దగ్గరపడ్డాక రెండో జాబితా వచ్చింది. దరఖాస్తులో ఇద్దరికీ తన నంబరే ఇచ్చింది గనక మెసేజ్ ఆమెకే వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి అందరికీ వినపడేటట్టు చదివింది. నాకూ సీటొచ్చింది. మామయ్య లేచి గేటు దాకా పోయి వచ్చాడు. "మరి మీ అత్త..." అని మొదలుపెట్టాడు.

మంచం మీది నుంచి అత్తమ్మ చింతపండు చాట పక్కన పెట్టింది. "ఎండాకాలం సంది నా పేరు జెప్పి కొట్లాడుతున్నరు. నన్నెవరన్న అడిగిన్రా? నొస్తున్నయి మోకాళ్లు, చేతులు గాదు. నువ్ షిఫ్టుల మీద తిరుగుతుంటే పిల్లల్ని ఎవరు సాదిన్రు?" మామయ్య నోరు విప్పేలోగా, "ఇద్దరూ పోతరు. పొద్దంతా నల్లా విప్పుకుంట కూసుంటవ్ గద, పాపను బడికి తోలుకపో" అంది. మా ఆయన మొదటిసారి నోరు తెరిచి, "అవ్ నాయినా" అన్నాడు.

మామయ్య పాపను బడికి తీసుకుపోవడమే కాదు, జడ వేయడం కూడా నేర్చుకున్నాడు. మొదట్లో అది ఒక పక్కకు వంగిపోయేదట, పాప ఏడ్చేదట, ఆయన విప్పి మళ్లీ మళ్లీ అల్లేవాడట. నేను మొదటి సెలవులకు వచ్చిన పొద్దున దువ్వెన పట్టుకుంటే పాప తల పక్కకు తిప్పుకుంది. "నువ్ గట్టిగ గుంజుతవ్. తాతనే ఎయ్యాలె" అని ఆయన ముందుకు పోయి కూర్చుంది. ఆయన ఇబ్బందిగా నావైపు చూశాడు. నేను రిబ్బన్లు అందించాను.

ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో పాఠం చెబుతున్నాను. ఆడపడుచు వేరే ఊళ్లో అదే పని చేస్తోంది. ఆ రెండేళ్లలో చదివినదాంట్లో చాలా భాగం నేను మరిచిపోయాను. కాని ఆ రెండేళ్లూ నేను ఇంట్లో లేని సాయంత్రాలలో ఏమేం జరిగాయో, అత్తమ్మను అడిగి ఇప్పటికీ కొంచెం కొంచెంగా తెలుసుకుంటూనే ఉన్నాను.