మూడు ఆలివ్ చెట్లూ, దిగబడిన టాంకరూ

మొదటి ప్రపంచ యుద్ధం మొదలై నూరేళ్ళు నిండిన ఏడాది. నవంబరు. లెబనాన్ దక్షిణపు కొండల్లో శాంతిసేన పోస్టులో దిగాను. సన్నవాన, ఎముకల్లోకి పోయే చలి. నీలి టోపీ, గుండు తగలకుండా బరువైన జాకెట్టు, రెండు కంబళ్ళు ఇచ్చారు. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆ కొండ మీద రెండు దేశాల సరిహద్దును నేను ఈ రెండు చేతులతో జరిపాను. సాలూరు లారీ స్టాండులో ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నాకు టీ చెబుతారు.

లారీల ఊరు సాలూరువాణ్ణి కదా, సైన్యంలోనూ స్టీరింగే ఇచ్చారు. తెల్లరంగు నీళ్ళ టాంకరు. ఉదయం ఆరింటికి కింద లోయలో నింపాలి. పన్నెండులోగా కొండ మీది పోస్టులన్నిటికీ పొయ్యాలి. నా పోస్టులో తెలుగువాడు లేడు. అవతలి కొండ మీద రేడియో ఆపరేటరు ఒక్కడే మనవాడు, ఆమదాలవలసవాడు. అతనుండే చోటు నా దారిలో లేదు. అక్కడున్నన్నాళ్ళూ గొంతు విన్నానే తప్ప మొహం చూడలేదు. రేడియో సెట్లో హిందీయే మాట్లాడాలని ఆర్డరు. సాయంత్రం లైను సరిచూసేటప్పుడు మాత్రం దొంగతనంగా రెండు ముక్కలు.

"ఏటి మావా, తిన్నావా?"

"తిన్నాను."

"ఏటి?"

"రొట్టె."

"రొట్టెకి తిన్నానని సెప్పకు మావా. మింగినానని సెప్పు."

అంతే. సెట్టు కట్టేస్తే మిగిలేది రేకు కప్పు మీద గాలి చప్పుడే.

మేం కాపలా కాసేది ఆ రెండు దేశాల మధ్యనున్న ఒక గీతకి. నేల మీద గీత కనబడదు. అక్కడక్కడ నీలిరంగు పీపాలుంటాయి. మా పోస్టు కమాండరు, సుబేదార్ సాబ్, పటం పరిచి చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతుండగానే తుర్కీ సుల్తాను రాజ్యాన్ని ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు లోపాయికారీగా పంచేసుకున్నారు. రష్యాలో విప్లవం వచ్చి, కొత్తవాళ్ళు పాత సర్కారు బీరువాలు తెరిస్తే ఆ బేరం బయటపడింది. బయటపడినా ఆగలేదు. యుద్ధం అయ్యాక ఇటొక దొర, అటొక దొర ఈ కొండలన్నీ నడిచి రాళ్ళ కుప్పలు పేర్పించారు. తర్వాత గొడవలు ఎన్ని జరిగినా, మా గీత దాదాపు ఆ కుప్పల వెంబడే పోతుంది.

ఒక పీపాకు అవతల, పది అడుగుల్లో, మూడు ఆలివ్ చెట్లు. ఇవతలి ఊళ్ళో ఒంటరిగా ఉండే ఒక ముసలామెవి. మిగతా తోట ఏదో పాత యుద్ధంలో తగలబడిపోయింది. ఆ మూడు చెట్ల నూనె అమ్ముకుంటేనే ఆమెకు చలికాలం పిండీ, పొయ్యిలోకి కర్రా. కాయ నల్లబడి రాలుతోంది. పక్క గుట్ట మీద అవతలి దేశంవాళ్ళ కాపలా బురుజు ఉంది. పీపా దాటితే ముందు మైకులో అరుస్తారు. ఆ తర్వాత కాలుస్తారు.

ఆమె రోజూ పీపా దగ్గర రాయి మీద కూర్చునేది. ఒకరోజు అరబ్బీ తెలిసిన మా దుబాసీని తీసుకువెళ్ళి పలకరించాను. ఏ దేశమని అడిగింది. ఇండియా అన్నాను.

"మీవాళ్ళు మా తాత కాలంలోనూ వచ్చారు," అంది. "ఇంగ్లీషువాళ్ళ వెనక, కంచరగాడిదలతో. వాళ్ళు పోయాక గీత గీసేవాళ్ళు వచ్చారు. మా తాతకే కూలిచ్చి రాళ్ళు మోయించారు. దేనికో చెప్పలేదు. సాయంత్రానికి చూసుకుంటే తోటలో సగం అవతల ఉంది."

దుబాసీ నావైపు చూశాడు. నేను నేరుగా పోస్టుకు వెళ్ళాను.

సుబేదార్ సాబ్‌ని అడిగాను. "సాబ్, ఒక్క పూట వదలండి. కోసుకుంటుంది."

"పైకి రాశాను. రెండు వైపులా ఒప్పుకోవాలి."

"కాయ రాలిపోతోంది సాబ్."

"పీపా మీద చెయ్యి వేశావంటే మర్నాడే నిన్ను ఇంటికి పంపేస్తారు."

ఇక్కడే నేను పీపాకు భుజం ఆనించి, చెట్ల అవతలికి దొర్లించానని చెబుతూ వచ్చాను. అవి వట్టి కోతలు. పీపా నిండా సిమెంటు. ఏనుగు తోసినా కదలదు. జరిగింది వేరు.

గీత అక్కడ కొడవలిలా వంగుతుంది. అందువల్ల బురుజుకీ చెట్లకీ మధ్యన మా దారే ఉంది. మర్నాడు ఉదయం టాంకరు అక్కడికి రాగానే ఎడమ చక్రాలు బురదలోకి దింపి ఇంజను ఆపేశాను. బురుజు వైపు నుంచి చెట్లు కనబడకుండా బండి అడ్డంగా నిలబడింది. ముసలామెకు చెయ్యి ఊపాను. ఆమె క్షణం ఆలోచించలేదు. నిచ్చెన ఎత్తుకుని పీపా దాటేసింది. నేను బండిలోని సెట్టు తీశాను.

"టాంకరు దిగబడింది." ఇది హిందీలో.

అటునుంచి గొంతు తగ్గించి తెలుగు వచ్చింది. "మావా, నిజంగా దిగబడిపోనాదేటి?"

"లారీల ఊరోణ్ణిరా. దిగబడమంటే దిగబడతాది."

"ఎంతసేపు?"

"మూడు ఆలివ్ సెట్లంతసేపు."

అతను పైవాళ్ళకి కబురు చెప్పాడు. తర్వాత, "లాగడానికి బండి పంపుతామంటన్నారు మావా."

"దారి బాగోనేదని సెప్పు."

"అది నిజమేలే. సెప్తాను."

ఆమె చెట్ల కింద పట్టా పరిచింది. కొమ్మల్ని వేళ్ళతో దువ్వుతుంటే కాయలు టపటపా రాలాయి. నాకొక కాయ విసిరింది. కొరికాను. కాకరకాయ నయం. నా మొహం చూసి ఆమె నవ్వింది. ఆ దేశంలో నన్ను చూసి ఎవరైనా నవ్వింది అదొక్కసారే. మూడు చెట్లూ దులిపేసింది. అప్పుడు బండి తీశాను. పక్క అద్దంలో చూస్తే నిచ్చెన మీద నిలబడి, చెయ్యి ఎత్తి వీడ్కోలు చెబుతోంది.

గడువు అయ్యాక సాలూరు వచ్చేశాను. పింఛను, టీ కొట్టు, కబుర్లు. ఇప్పటికీ లారీ ఎక్కి పక్క అద్దం సర్దితే చాలు, అందులో ఆ ఎత్తిన చెయ్యే ముందు కనబడుతుంది.

కిందటి నెల రేడియో ఆపరేటరు వెతుక్కుంటూ మా ఇంటికొచ్చాడు. బట్టతల, బొజ్జ. గొంతు విన్నాకే గుర్తుపట్టాను. అరుగు మీద నలుగుర్నీ కూర్చోబెట్టి ఈ కథే చెబుతుంటే చివరిదాకా విన్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"మూడు గాదు మావా, రెండు. రెండో సెట్టు అయినాదని నువ్వే సెప్పినావు. మూడోదానికాడ ఉండగా సాబు రేడియోలోకొచ్చి నిన్ను తిట్టినాడు. వస్తన్నానని నువ్వు బండి తీసేసినావు. నీ రేడియో ఇంకా తెరిసే ఉన్నాది. మైకులో బురుజోళ్ళు అరుస్తన్నది ఇన్నాను. ఆ ముసిల్దాయి అరిసిందీ ఇన్నాను. సెయ్యెత్తినాది నీకు టాటా సెప్పడానికి గాదు మావా. ఆగమన్నాది."