బరాత్‌లో ఇటలీ పాట

మొన్న చాయ్ మరుగుతుండగా మా అమ్మాయి ఫోన్‌లోంచి ఒక వేణువు మొదలై, దాని తోక పట్టుకుని ఆర్గాన్ లేచింది. పొయ్యి కట్టేయడం మర్చిపోయి నిలబడ్డాను. ఇటలీలోని ఒక రాక్ బృందం తొలి ఆల్బమ్ అది. ఒకప్పుడు ఇటలీ అంటే నాకు ఇడ్లీకి దూరపు చుట్టం. ఆ చుట్టరికం కలిపినవాడు సత్తార్ భాయ్, కరీంనగర్‌లో మా పెళ్లి బ్యాండు యజమాని.

ఆయన బావమరిది మస్కట్ నుంచి తెచ్చిన క్యాసెట్ అది. ఆల్బమ్ అంతా ఒకటే కథట. పాటకూ పాటకూ మధ్య ఖాళీ ఉండదు. భాష మాలో ఎవరికీ రాదు. అయినా భాయ్ కథ చెప్పేవాడు. "గిక్కడ వాడు ఊరు ఇడ్సిండు. సూడు, పరేషాన్ అయితుండు." మర్నాడు అదే చోట వాడికి పెళ్లి చేసేవాడు. "నిన్న ఊరిడ్సిండంటివి గద భాయ్?" అంటే, "పెండ్లయినంకనే ఇడ్సిండు, జర ఓపిక పట్టు," అనేవాడు.

ఆయన మోజంతా పాటల మధ్య ఆ అతుకు మీదే. బరాత్‌లో, అంటే పెళ్లికొడుకు ఊరేగింపులో, వాయింపు ఆగిందంటే ఎగిరేవాళ్లు నీళ్లకని, నీడకని చెదిరిపోతారు. మళ్లీ పోగుచేయడం ఎవరి తరమూ కాదు. నేను కీబోర్డు బాగానే వాయించేవాణ్ణి, పాట ఉన్నంతసేపు. అది అయిపోగానే నా వేళ్లు సెలవు పెట్టేవి. అప్పటికే మా బాపు నాకోసం గల్ఫ్ వీసా మాట్లాడి ఉంచాడు. నాకేమో పోవాలని లేదు.

"చెన్నూరు పెండ్లిల గూడ ఆగితివా, ఇగ మీ బాపు చెప్పినట్టు ఇను బేటా," అన్నాడు భాయ్. ఈసారి నవ్వలేదు.

చెన్నూరులో బరాత్ మంచి ఊపు మీదుండగా పాట అయిపోయింది. తర్వాతిది గుర్తు రాలేదు. గతిలేక నా వేళ్లు ఆ క్యాసెట్‌లోని అతుకును పట్టుకున్నాయి. అది ఏడు దెబ్బల నడక. తీన్మార్ దరువుకు ఎగురుతున్న కాళ్లన్నీ ఒకదానికొకటి తగులుకున్నాయి. పెళ్లికొడుకు మేనమామ చెమట తుడుచుకుంటూ మా ముందుకొచ్చాడు.

"ఏం పాటనయ్యా ఇది? కాళ్లు కలుస్తలేవు."

"ఇటలీ పాట కాకా. మీ అల్లుడు దుబాయిల ఉంటడని ఖాస్ నేర్సుకున్నం," అన్నాడు భాయ్, డ్రమ్ము మీద చెయ్యి ఆపకుండా.

మేనమామ జీపు మీదున్న పెళ్లికొడుకు వైపు చూశాడు. అతను తలపాగా సర్దుకుని, "ఔ మామా, ఆడ అందరు ఇదే ఇంటరు," అన్నాడు. ఆ అబద్ధం చల్లగా ఉండాలి. మేనమామ అందరికంటే ముందు ఎగరడం మొదలుపెట్టాడు, ఏడుకో, ఎనిమిదికో, తన ఇష్టానికో. ఆలోగా భాయ్ నా ఏడులోకి దిగి, ఒక్కో దెబ్బే సర్దుతూ నన్ను తీన్మార్ ఒడ్డుకు చేర్చాడు.

వ్యాన్‌లో సామాను ఎక్కిస్తూ అడిగాడు. "మర్చిపోయినవా?"

"మర్చిపోయిన భాయ్."

"ఆగినవా?"

"ఆగలే."

"మరింకేంది? మీ బాపుతోని నేను మాట్లాడుత."

కీబోర్డును గుండెకు హత్తుకుని వ్యాన్ ఎక్కాను.

ఇప్పుడు బ్యాండు నేను నడుపుతున్నాను. కొత్తగా చేరినవాళ్లు నడి బరాత్‌లో దారి తప్పితే కళ్లెర్రజేయను. వాళ్లున్న చోటికి నేనే వెళ్తాను. అక్కడి నుంచి ఇద్దరం కలిసి వస్తాం. ఒక్కోసారి చాలాసేపు పడుతుంది. ఎగిరేవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు.