స్మార్ట్ పోల్‌కు బొట్టు

ఎవరింట్లో పూసిన పువ్వయినా తన దేవుడిదేనని వెంకాయమ్మగారి నమ్మకం. తెల్లవారకుండానే పూలసజ్జ పట్టుకుని బయల్దేరుతారు. మా మందారాలకు నీళ్ళు పోయడమే మా వంతు, పువ్వును చూసే యోగం లేదు.

ఏలూరులో మా కాలనీ పార్కులో ఈమధ్య స్మార్ట్ పోల్ ఒకటి పాతారు. మొక్క మీద చెయ్యి పడితే అది కెమెరాతో చూసి, "పూలు కోయరాదు" అని స్పీకర్లో అరుస్తుంది.

ఆవిడ నందివర్ధనం కొమ్మ వంచగానే పోల్ అరిచింది.

"దేవుడికండీ," అన్నారావిడ మర్యాదగా.

మళ్ళీ అరిచింది. కొత్త యంత్రాన్ని పూజ చేయకుండా పనిలో పెడితే ఇంతే అనుకున్నారు. మర్నాడు పోల్‌కు పసుపు రాసి, నుదురంత ఎత్తున ఉన్న నల్లటి అద్దం మీద ఇంత కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ అద్దమే కెమెరా. పోల్ నోరు మూసుకుంది.

తుడవడానికి కార్పొరేషన్ ఇంజనీరు హేమంత్‌కుమార్ గుడ్డతో వచ్చాడు.

"ఏవండీ, లక్షణంగా ఉన్న బొట్టు చెరిపేస్తారా?" అన్నారు వెంకాయమ్మగారు.

అతను గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండి, నిన్న మా మందారాల దగ్గర నేనే ఒక కెమెరా బిగించాను. స్క్రూడ్రైవరు లోపల పెట్టి వచ్చేసరికి, మా ఆవిడ దానికి బొట్టు పెడుతోంది.