టీ గ్లాసులో వరి ఆకు

తోటపల్లి గూడూరు పక్కన ఉన్న ఆ ఊళ్లో జయశీల నారుమడికి ఉన్న పేరు పాస్టరు గారి ప్రసంగాలకు కూడా లేదు. ఇరవై ఏళ్లుగా సగం ఊరు ఆమె పోసిన నారే నాటుతోంది. ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పేదీ ఆమే. అలాంటి మనిషి ఆ పొద్దున హబీబ్ కొట్లో టీ తాగి, గ్లాసును కొంగు కింద దాచుకుని ఇంటికొచ్చేసింది.

నారుమడి మూలన ఆకుల అంచులు పసుపుబారి, చారలు చారలుగా ఎండుతున్నాయి. మూడు రోజులుగా అది జింకు లోపమేనని తనకు తానే చెప్పుకుంటోంది. కానీ వ్యవసాయ సహాయకురాలు క్యాథరిన్ కిందటి వారం రైతుల మీటింగులో చెప్పిన మాటలు బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. వరిలో కొత్తగా ఒక బ్యాక్టీరియా తెగులు బయటపడిందట. చూపుకు జింకు లోపంలాగే ఉంటుందట. నీళ్లతో కింది పొలానికీ, నారుతో పక్క ఊరికీ పోతుందట. ఆకు కోసి గాజు గ్లాసు నీళ్లలో పెడితే, బ్యాక్టీరియా ఉంటే కోసినచోటు నుంచి తెల్లటి దారం పొగలా దిగుతుందట. అది ఏ బ్యాక్టీరియానో తేల్చడం మాత్రం ల్యాబు పని.

జయశీల ఇంట్లో అన్నీ స్టీలు గ్లాసులే. హబీబును అడిగితే ఎందుకంటాడు. చెబితే పదింటికల్లా ముత్తుకూరు దాకా తెలిసిపోతుంది. పైగా ఆమె పొలానికి దిగువ పొలం రైతు పోలేరయ్య నాట్లకు దమ్ము చేసుకుని, ఆ పూటే నారు కోసం వస్తున్నాడు. అందుకే దొంగిలకూడదన్న ఆజ్ఞ కాసేపు కొంగు కిందికి పోయింది.

నీళ్లు పోసి ఆకు పెట్టగానే గ్లాసంతా తెల్లగా మసకేసింది. ఇక జింకన్న మాటకు చోటు లేదనుకుంది.

అంతలో గ్లాసును వెతుక్కుంటూ హబీబ్ గుమ్మంలోకొచ్చాడు. ఆకునూ మసక నీళ్లనూ చూశాడు, ఆమె మొహం చూశాడు. దొంగతనం సంగతి ఎత్తలేదు.

“కడిగినావా అక్కా? అడుగున నా టీ పాలుండాయి గదా.”

జయశీలకు ప్రాణం లేచొచ్చింది. సబ్బు పెట్టి గ్లాసును మూడుసార్లు తోమింది. ముందు మంచి ఆకు పెట్టి చూశారు. నీళ్లు తేటగానే ఉన్నాయి. తరవాత చారల ఆకు పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. హబీబ్ వేళ్లు మడుస్తూ నిమిషాలు లెక్కపెట్టాడు. ఆమె ప్రార్థన చేద్దామనుకుంది గానీ, దొంగ గ్లాసు చేతిలో ఉండగా దేవుణ్ణి పలకరించడం బాగుండదని ఊరుకుంది.

మూడో నిమిషంలో సన్నటి తెల్ల దారం దిగింది.

బయట పోలేరయ్య ట్రాక్టరు ఆగింది. జింకు అనొచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది. జయశీల గ్లాసు పట్టుకుని బయటికి నడిచింది.

“నా నారు ఎత్తబాక పోలేరయ్యా. రోగముండాది.”

అతను గ్లాసును తిప్పి తిప్పి చూసి హబీబ్ చేతిలో పెట్టాడు. ఈ అదనులో నారు యాడ దొరుకుతుందని గొణిగాడు, ఆపైన తిట్టాడు. ఆమె ఆ తిట్లు పడింది. ఆకులు ల్యాబుకు పంపాలి రమ్మని క్యాథరిన్‌కు ఫోన్ చేసి, పార తీసుకుని రెండు పొలాల మధ్య నీళ్లు దిగే మడవను మట్టితో కట్టడానికి పోయింది.

ఏటా ఆ మడవ దగ్గరే ఇద్దరికీ గొడవ. నీళ్లు వదలమని అతను, వదలనని ఆమె. ఆమె చూడనప్పుడు గండి పెట్టిన ఘనత కూడా అతనికుంది. ఇప్పుడామె వంగి మట్టి వేస్తుంటే కాసేపు గట్టు మీద నిలబడి చూశాడు. తరవాత పంచె ఎగ్గట్టి దిగాడు.

“అట్టా వేస్తే నీళ్లు ఊరిపోతాయి. పక్కకు జరుగక్కా.”

ఆ మట్టి ఎక్కడ తెగుతుందో అతనికన్నా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు మరి.

హబీబ్ గట్టు మీదే ఉన్నాడు. చేతిలోని గ్లాసులో దారం ఇంకా దిగుతూనే ఉంది.