సింతపండు పేజీలు కొత్త సైటుకి మారిన రోజు

కంప్యూటర్ కొన్నది కొట్టు కోసం. దాని ముందు నేను కూర్చుంటానని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఒడిశాలోని రాయగడ బజారులో మాది చింతపండు, అల్లం, కొండచీపుళ్ళు టోకున అమ్మే కొట్టు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. పుట్టింటికి ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. మా తమ్ముడి కూతురు ఊళ్ళోనే కంప్యూటర్ సెంటర్‌లో పని చేసేది. మా కొట్టుకి వెబ్‌సైటు పెట్టింది అదే. సరుకుల వివరాలు పెట్టాక ఇంకా చోటు మిగిలితే, "అత్తా, నీ వంటలు రాయరాదేటి?" అంది.

తెలుగు అక్షరాలు రావాలంటే ఇంగ్లీషు మీటలు కొట్టాలి. ‘స’కి ఒక్క మీట చాలు. ‘చ’కి రెండు నొక్కాలి. ఒక్కో మీటా వెతుక్కుంటూ, మధ్యాహ్నం కొట్టు కట్టేసిన వేళల్లో నెలల తరబడి రాశాను. మునిగుడ నుంచి వచ్చే చింతపండుతో పులిహోర, ఇక్కడ కరడి అనే వెదురుకొమ్ముల కూర, చోళ్ళతో, అంటే రాగులతో, కాచే చోడంబలి, చేపల పులుసు. రాసిన ప్రతి పేజీ నెత్తిన అందులో ముఖ్యమైన సరుకు పేరు కొట్టేదాన్ని.

ఒకరోజు సంతలో, ఊరవతల జేకేపూర్ కాలనీలో ఉండే ఒకావిడ నన్ను ఆపింది. "ఆ సైట్లో వంటలు రాసేది మీరేనాండీ? మీ కరడి కూర మా ఆయన మళ్ళీ అడిగి ఏయించుకున్నారు" అంది. ఇంటికి వచ్చేదాకా కూరల సంచి బరువు తెలియలేదు.

అలా సాగుతుండగా, పాత సైటు నడిపే కంపెనీ ఆ నెలాఖరుకి దాన్ని మూసేస్తున్నామని చెప్పింది. ఈలోగా వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకోకపోతే ఉన్నవన్నీ పోతాయట. సరుకుల వివరాలు పోతే మళ్ళీ కొట్టుకోవచ్చు. నా పేజీలకి మాత్రం వేరే నకలు ఎక్కడా లేదు.

"ఏటే అంత బెంగ? మళ్ళీ వండితే మళ్ళీ గుర్తొస్తాయి గదా" అన్నారు మా ఆయన.

"వండడం నాకెప్పుడూ వచ్చండీ. రాయడం ఇప్పుడే వచ్చింది" అన్నాను.

కరెంటు పోతూ వస్తూ ఉండడంతో పని నెలాఖరు రోజు దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం మేనకోడలు కంప్యూటర్ ముందు కూర్చుని, నాకు అర్థమయ్యేలా చెప్పింది. "పాత దాన్లో నీ పేజీలన్నీ ఒకే బుట్టలో పోసున్నాయత్తా. కొత్త దాన్లో అరలుంటాయి. నేను ముందే అరలు కట్టీసి పేర్లు పెట్టేను. పేజీ నెత్తిన నువ్వు కొట్టిన పేరు సూసి, అదే పేరున్న అరలోకి పంపిస్తాది."

అద్దె ఇల్లు మారినప్పుడు డబ్బాలు సర్దుకోవడం లాంటిదే అనుకున్నాను.

మీట నొక్కింది. ఏదో గీత మెల్లగా పాకింది. అయిపోయాక కొత్త సైటు తెరిచింది. అల్లం అరలో అల్లం పేజీలున్నాయి. కరడి ఉంది. కంద ఉంది. చింతపండు అర ఖాళీ. చేపల అర ఖాళీ.

"నెట్ దెబ్బేసినట్టుంది" అని మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. దాని ముఖం వాడిపోయింది. సాయంత్రానికి పాత సైటు ఉండదు. ఏవేవి రాలేదో పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాను.

"సింతపండు లేదు. సింతసిగురు లేదు. సేపలు లేవు. సోళ్ళు లేవు. సేమదుంపలు కూడా ఎలిపోనాయి..."

మేనకోడలు చెయ్యి ఆగింది. "అత్తా, మళ్ళీ సెప్పు."

"ఏటి సెప్పడం? సింతపండు, సింతసిగురు..."

అది పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"నవ్వుతావేటే అమ్మీ? నా పేజీలు పోయి నానేడుస్తుంటే!"

"పోలేదత్తా! నెత్తిన ఏటని కొట్టేవు? సింతపండనేనా?"

"మరి సింతపండుని ఏటంటారు?"

"నేను అరలకి ‘చ’ పెట్టేను. నువ్వు ‘స’ కొట్టేవు. పాపం అది సింతపండు అర ఎక్కడా అని ఎతికి ఎతికి, దొరక్క నీ పేజీలు అక్కడే ఒగ్గీసింది!"

"ఇందాక నాకు ‘సెప్పు’ అన్నదెవరే?" అన్నాను.

గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆయన, "మేనత్తా మేనకోడలూ, ఇద్దరిదీ ఒక బడే" అన్నారు.

"నీవన్నీ ‘చ’ సేసీమంటావా?" అని అడిగింది మేనకోడలు.

"అంత టైము లేదు. నా అక్షరాలు ముట్టుకోకు. నీ అరల పేర్లు మార్చు" అన్నాను. అలా గట్టిగా చెప్పగలనని నాకే తెలియదు.

మార్చింది. నొక్కింది. సింతపండు అర నిండింది. సేపలు వచ్చాయి. సోళ్ళు వచ్చాయి. ఒక్కో పేజీ తెరిపించి చివరిదాకా చూసుకున్నాను. ఒక్క వాక్యం తప్పిపోలేదు. తరవాత మేనకోడలు పైకి కనబడే పేర్లు ‘చ’తో దిద్ది, నా పేర్లని లోపల రెండో పేర్లుగా ఉంచింది. ఎవరు ఎలా కొట్టి వెతికినా పేజీ రావాలని. ఇప్పుడు నేను రాస్తున్న ఇది కూడా తనే దిద్దుతుంది. మేం నోటితో అన్న మాటలు మాత్రం మార్చవద్దన్నాను.

మర్నాడు పాత సైటు తెరుచుకోలేదు. మా ఆయన కొట్టులో కూర్చుని, ఒంటి వేలితో, కొత్త సైట్లో వెతికే చోట ఏదో కొడుతున్నారు. తొంగి చూశాను. సింతపండు అని కొట్టారు. పులిహోర పేజీ వచ్చింది. నేను రాసింది ఆయన మొదటిసారి మొదటినుంచీ చదివారు.

"ఇంగువ నాను ఎక్కువేయమంటానని ఇందులో రాసీసేవేటే?"

"రాసీసేను. జేకేపూర్ దాకా తెలుసు" అన్నాను.