వరండాలో ఊళ్ల పేర్లు పిలిచిన సన్యాసమ్మ గారు

సన్యాసమ్మ గారు ఇక లేరన్న కబురు నాకు మొదట చెప్పింది మార్తమ్మ. గుమ్మలక్ష్మీపురం వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరుగా పనిచేస్తోంది. ఒకప్పుడు విశ్వవిద్యాలయం హాస్టల్లో మాది ఒకే గది. ఆమె ఫోను చేసేసరికి నేను నాన్న మోకాళ్లకు నీలగిరి తైలం రాస్తున్నాను. చేతులు జిడ్డుగా ఉండడంతో ఫోను స్పీకరులో పెట్టి గట్టు మీద ఉంచాను. "అక్కా, మన మేడమ్ మొన్న పోయారంట. నాకూ ఇప్పుడే తెలిసింది," అంది. వాన వెలిసిన పొద్దు. ఇల్లంతా ఆ తైలం ఘాటు. విశ్వవిద్యాలయంలో మేడమ్ గదిలోనూ ఎప్పుడూ అదే వాసన ఉండేది. నొప్పి ముదిరినప్పుడల్లా సొరుగులోంచి సీసా తీసి, చీర కాస్త పైకి లాగి, ఎదుట ఎవరున్నా పట్టించుకోకుండా మోకాళ్లకు రుద్దుకునేవారు. "మీ దేవుడు పిలిస్తే పలుకుతాడంటావు కదే, నా మోకాళ్ల సంగతి కూడా ఓ మాట సెప్పు," అనేవారు నుదుటి విభూతి చెరగకుండా చెమట అద్దుకుంటూ. నేను నిజంగానే చెప్పేదాన్ని. ఆ సాయంకాలం ప్రార్థనలో అలవాటుగా ఆ మోకాళ్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

ఆవిడను ఎరగనివారికి ముందు నా సంగతి కొంత చెప్పాలి. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. మాది అరకు లోయ దాటి లోపలికి నడిచి వెళ్లాల్సిన ఊరు. గెడ్డ పొంగితే పంతులుగారు రాలేరు. నాన్న కాఫీ తోట చూసుకుంటూ, ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్లలో బైబిలు వాక్యం చెప్పేవారు. మిషను హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివిన మా అమ్మే నాకు బడి. బైబిలు, పాత వాచకాలు, ఎవరో ఇచ్చిన లెక్కల పుస్తకం, పొయ్యి దగ్గర బొగ్గుతో గీసిన పటాలు, ఇవీ నా సామగ్రి. పదీ ఇంటరూ సార్వత్రిక విద్యాపీఠం పరీక్షలు రాసి గట్టెక్కాను. దేవుడి దయవల్ల మైదానంలోని విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల కోర్సులో సీటు వచ్చింది. తరగతి గదిలో బెంచీ మీద కూర్చోవడం నాకు అదే మొదలు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే రాసి ఉంటుందనుకుని, మొదటి రోజు గోడ పక్కనే నిలబడ్డాను.

చేరిన పదిరోజులకు ఒక కాగితం ఇచ్చారు. చివరిగా చదివిన బడి నుంచి టీసీ తెచ్చి శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వకపోతే సీటు రద్దవుతుందని అందులో ఉంది. నాకు బడే లేదు, టీసీ ఎక్కడినుంచి తేను? విద్యార్థి సహాయ కేంద్రానికి వెళ్లమని మార్తమ్మ చెప్పింది. వెళ్లాను. తలుపు మీద 'సహాయం కోసం లోపలికి రండి' అని పెద్ద బోర్డు. తలుపు ఓరగా తీసే ఉంది. నేను బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మంగళవారం కూర్చున్నాను, బుధవారం కూర్చున్నాను, గురువారం పొద్దున కూడా వెళ్లి అక్కడే కూర్చున్నాను.

మా ఊళ్ల వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరింటికైనా వెళితే గడప తొక్కం. చూరు కింద నిలబడి ఒకసారి దగ్గుతాం, వాన గురించో దారి గురించో ఒక మాట అంటాం. లోపలివాళ్లు "ఎవరూ, రా, కూర్చో" అంటేనే అరుగెక్కుతాం. పిలవకపోతే కోపం రాదు. వాళ్లకు ఏదో పట్టింపు ఉన్న రోజేమో, ఏదో బాధలో ఉన్నారేమో అనుకుని ఇంకోరోజు వెళ్తాం. నేను ఆ మూడు రోజులూ మర్యాదగా దగ్గుతూనే ఉన్నాను. లోపల ఫ్యాను చప్పుడులో ఆ దగ్గు ఎవరికి వినపడుతుంది!

గురువారం పదకొండు గంటలప్పుడు ఒకావిడ కుంటుకుంటూ బయటికి వచ్చి నా ఎదుట నిలబడ్డారు.

"ఏటే గుంటా, మూడ్రోజులుగా సూత్తన్నాను, ఇక్కడే కూకుంతన్నావు. ఎవుల కోసం?"

"మీ కోసమేనండి."

"నా కోసమా? మరి లోపలికి రావేటి?"

"మీరు పిలవలేదు కదండి."

ఆవిడ వెనక్కి తిరిగి తలుపు వంక చూశారు. "అంత బోర్డు ఎట్టినాం. అది పిలుపు కాదేటి?"

"బోర్డు అందర్నీ ఒకేలా పిలుస్తుందండి. నన్నేనని నాకెలా తెలుస్తుంది?"

ఇంకొకరైతే నవ్వేవారు, లేకపోతే కసిరేవారు. ఆవిడ మోకాలు పట్టుకుని నా పక్కన బెంచీ మీద కూర్చుని అడగడం మొదలుపెట్టారు. మీ ఊళ్లో ఎక్కడ నిలబడతారు? ఎన్నిసార్లు దగ్గుతారు? సుట్టం అయితేనో? జొరం వచ్చి మందు కోసం పోతేనో? ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటేనా? నేను పోబోయే సీటు గురించి ఏడుద్దామని వచ్చినదాన్ని, మా ఊరి చూరు గురించి అరగంట చెప్పాను. తన పనికి అక్కరలేని సంగతిని అంత ఇష్టంగా అడిగిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. అక్కరలేని సంగతి కాదని తర్వాత తెలిసింది.

అప్పుడు నా కాగితం చదివారు. "అయితే మీ అమ్మే ఎడ్మేస్టరమ్మన్నమాట. మరి నీకు టీసీ ఇచ్చి పంపనేదేటి? సిన్న బడి కాబోలు!" అని వేళాకోళమాడి లేచారు. "బేగి నడు. రేపు శుక్కురోరం."

దారిలో ఒక్కటే చెప్పారు. "అక్కడ నువ్వే అడగాల. నాను ఎనకాల నిలబడతాను. టీసీ నేదు అని సెప్పి ఊరుకోకు. అలగంటే ఇంటికి పొమ్మంటారు. టీసీ నేనోళ్లు దాని బదులు ఏటి ఇవ్వాల అని అడుగు."

ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే, "చివరిగా చదివిన స్కూలు?" అన్నారు.

"ఇల్లండి."

"స్కూలు పేరమ్మా."

"ఇల్లేనండి. మా అమ్మ చెప్పింది."

ఆయన కలం పక్కన పెట్టేశారు. వెనక్కి చూశాను. సన్యాసమ్మ గారు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. నా వంక చూడలేదు. మనసులో ఒక్క మాట ప్రార్థించుకుని అడిగాను. "టీసీ లేనివాళ్లు దాని బదులు ఏమివ్వాలండి?"

ఆయన లేచి, బీరువాలోంచి ఒక ఫైలు తీశారు. సార్వత్రిక విధానంలో చదివినవారు మార్కుల పత్రంతో పాటు తామే ఒక ప్రకటన రాసి ఇస్తే చాలట. ఆ రూలు ఎప్పటినుంచో ఉంది. అడిగినవాళ్లే తక్కువ. శుక్రవారం మధ్యాహ్నానికి నా సీటు నాకు ఉండిపోయింది. హాస్టలు గదిలో మోకరించి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆ రూలు తెలిసి కూడా నా తరఫున నోరు విప్పని ఆవిడ మీద మాత్రం రెండు రోజులు కొంచెం కోపంగా ఉన్నాను.

సోమవారం అటువైపు వెళ్తే వరండాలో గొడవగా ఉంది. సన్యాసమ్మ గారు తన టేబులు బయటికి లాగించి, కొత్తగా చేరినవాళ్ల జాబితా చేతిలో పట్టుకుని గట్టిగా పిలుస్తున్నారు. "జి.మాడుగుల నుంచి ఎవులొచ్చారమ్మా? రండి, కూకోండి! సాలూరు కొండ మీద ఊళ్లోళ్లు? రండి!" గదిలోంచి ఒక కుర్ర ఆఫీసరు తల బయటికి పెట్టి, "ఏంటి మేడమ్, సంతలో కూరలమ్మినట్టు!" అన్నారు. "అమ్ముతన్నాను బాబూ. నీకో కట్ట కావాలేటి?" అన్నారావిడ జాబితాలోంచి కళ్లెత్తకుండా. మొదట ఒక్కడు చెట్టు చాటునుంచి వచ్చాడు. తర్వాత ముగ్గురు. ఆ వారంలో ఎంతమంది వచ్చారో! ఒకరికి ఉపకార వేతనం, ఒకరికి కళ్లజోడు, ఒకరికి గ్రంథాలయం కార్డు కావాలి. ఒకమ్మాయికి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, ఇంటికి పోవాలనిపిస్తోంది. ఆమెను కౌన్సెలర్ గదికి ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. "అక్కడ పిచ్చోళ్లకి మందియ్యరే, నీలాటోళ్ల మాట వింటారు," అని దారి పొడవునా చెప్తూనే ఉన్నారు. రెండో ఏడు నుంచి ఆ ఊళ్ల పేర్లు పిలిచే పని నాకూ ఇచ్చారు. నేను పిలిస్తే ఉచ్చారణ బాగుంటుందట.

చివరి ఏడు ఉద్యోగ సలహా విభాగంలో, మా గురించి మమ్మల్ని ఒక పేజీ రాసి తెమ్మన్నారు. నేను మూడు పేజీలు రాశాను. మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఎలా చెప్తామో అలాగే రాశాను. నేను అల్పురాలినని మొదలుపెట్టి, దేవుడు చేసిన మేలు, అమ్మ పడ్డ కష్టం, సన్యాసమ్మ గారి సాయం, గుమాస్తాగారి దయ, అన్నీ వరసగా పెట్టాను. సలహాదారు చదివి తలపట్టుకున్నారు. "బాగుందమ్మా, కానీ ఇందులో మీరెక్కడ?" అన్నారు. నాకు అవమానమైపోయింది. చేసింది నేనని చెప్పుకోవడం మా ఇంట్లో తప్పు.

సన్యాసమ్మ గారు ఆ మూడు పేజీలూ రెండుసార్లు చదివారు. "సాచ్చెం అంటే ఏటే? అందరి ముందరా సెప్తారా? ఏడుస్తారా?" అన్నీ అడిగాక నెమ్మదిగా అన్నారు. "ఇందులో అందరికీ దండం ఎట్టినావు. మంచిదే. కానీ నాలుగేళ్లు వరండాలో పిల్లల్ని పిలిసింది ఎవులు? వోళ్ల కాగితాలు రాసింది ఎవులు? ఆ మాట దాసేస్తే అబద్దమే కదే. ఇచ్చినాయనకి తెల్దేటి ఏటిచ్చాడో?"

విభూతి పెట్టుకునే మనిషి నోట మా నాన్న ఆదివారం చెప్పే మాటే వచ్చింది. ఆ రాత్రి కొత్తగా ఒక పేజీ రాశాను. దాంతోనే ఇప్పుడున్న ఉద్యోగం వచ్చింది. మా లోయలోని డిగ్రీ కళాశాలలో కొత్త పిల్లలకు దారి చూపించే పని.

సెలవు తీసుకోవడానికి వెళ్లిన రోజు ఆవిడకు చీర తీసుకెళ్లాను. పుచ్చుకున్నారు గాని, కృతజ్ఞత మాట ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టారు. "నన్ను పొగడకు. నీ ముందటి సమచ్చరం ఒక పిల్ల ఆ బెంచీ మీదే కూకుంది," అన్నారు. "రెండ్రోజులు సూసినాను. మెస్సులో పనిసేసే ఆవిడ కూతురేమో, తల్లి కోసం కూకుందేమో అనుకున్నాను. అడగనేదు. మూడో రోజు నేదు. నెల పోయాక ఫైళ్లు సర్దుతుంటే దాని కాగితం దొరికింది. సదువు డబ్బు మంజూరైపోయింది. ఒక్క సంతకం ఎట్టాల. ఐదు నిమిషాల పనే. ఉత్తరం రాత్తే తిరిగొచ్చీసింది." ఆవిడ సొరుగులోంచి తైలం సీసా తీశారు. "నువ్వు దగ్గుతుంటే మళ్లీ అదే అవుతాదనుకున్నాను. అందుకే లేచినాను. లేకపోతే నా మోకాళ్లతో నాను లేత్తానా?"

ఆ పిల్ల పేరు అడిగాను. బుద్రి అన్నారు. ఊరి పేరు ఆవిడకు గుర్తులేదు, ఆ కాగితం కూడా తర్వాత చెమ్మకు చెరిగిపోయిందట.

మా కొండల్లో బుధవారం పుట్టిన ఆడపిల్లలందరూ బుద్రులే. సంతల్లో, బస్సుల్లో, ప్రార్థన కూటాల్లో నా వయసు బుద్రి కనిపిస్తే, ఎప్పుడైనా కిందకి చదువుకోవడానికి వెళ్లావా అని అడుగుతూ వచ్చాను. ఇంకా దొరకలేదు. సన్యాసమ్మ గారు కూడా ఫోను చేసిన ప్రతిసారీ, "కనిపించిందేటి?" అనే అడిగేవారు. ఇక ఆ ఫోను రాదు. అడగడం మాత్రం నాకు మిగిలింది.

ఇది చదివినవారిని ఒక్కటే వేడుకుంటున్నాను. సన్యాసమ్మ గారిని మావంటివాళ్లం వందల మందిమి తలుచుకుంటాం. ఆవిడకు ఆ లోటు లేదు. మీరు బుద్రిని గుర్తుంచుకోండి. మీ ఆఫీసు బయట, మీ గది ముందు, ఎవరైనా ఊరికే కూర్చుని కనిపిస్తే, ఆ పిల్ల పేరు ఒకసారి తలుచుకుని, లేచి వెళ్లి పిలవండి.