బావ పరుపూ, భవానీపురం బూట్ క్యాంపూ

తెల్లవారుజామున అయిదింటికి భవానీపురంలో దిగాం. కృష్ణ ఒడ్డు. ఇసుక నేల. గాలి లేదు. చెమట పట్టడానికి పరిగెత్తక్కర్లేదు, నిలబడితే చాలు. పడమట ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు గొట్టాలు పొగ వదులుతున్నాయి. మా దళం: నేను, మా అక్క మొగుడు. సామగ్రి: కొత్త బూట్లు, రెండు తువ్వాళ్లు, బావ మోకాలికి పట్టీ.

యుద్ధకారణం చెప్పాలి. వన్ టౌన్‌లో బావ వాళ్లది చేనేత చీరల కొట్టు. అక్కడ యజమాని కుర్చీ ఎక్కడు. నేల మీద తెల్ల పరుపు, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. పరుపు మీద ఎవరుంటే బేరం వాళ్లదే. ఏళ్లుగా అలా కూర్చుని పెరిగిన ఒంటి బరువుకి బావ మోకాలు మడత పడటం మానేసింది. దసరాలోగా కూర్చోలేకపోతే పరుపు తమ్ముడికిచ్చేస్తానని వాళ్ల నాన్నగారు తేల్చేశారు. బరువు తగ్గితే మోకాలు అదే వంగుతుందని అక్క ఇద్దరినీ క్యాంపులో చేర్పించింది. నేను కాపలా.

కోచ్ గారిది మిలిటరీ ప్యాంటు, మెడలో ఈల. సైన్యంలో ఎక్కడ చేశారండీ అని అడిగితే, ప్యాంటు ఎక్కడ కొన్నారో చెప్పారు.

ఈ క్యాంపులో చేరుదామా వద్దా అని మీరు అడుగుతున్నారుగా, లాభాలున్నాయి. నా నడుము తగ్గింది. పడుకుంటే మొద్దు నిద్ర. ఫోనెత్తే ఓపిక లేక ఎవరితోనూ గొడవ పడలేదు.

నష్టం పేరు బాతు నడక. ఆలస్యమైనవాళ్లు గొంతుక్కూర్చుని ఇసుకలో ఆ చివరిదాకా నడవాలి. ఓ రోజు తోపుడుబండ్ల మధ్య మా ఆటో ఇరుక్కుని ఇద్దరం ఆలస్యంగా చేరాం.

"మోకాలు బాలేదని చెప్పు బావా," అన్నాను మెల్లగా.

కోచ్ గారు ఈల నోట్లోంచి తీశారు. "చేయగలరా?"

కొట్లో అడిగినవాళ్లకి లేదు, కాదు అనకూడదని బావకి చిన్నప్పుడే నేర్పారు. నవ్వుతూ అన్నాడు, "అలాగేనండి."

సగం దూరంలో ఆగిపోయాడు.

"నొప్పొస్తోందంటే కొవ్వు ఏడుస్తోందన్నమాట. కానివ్వండి," అన్నారు కోచ్ గారు.

"ఏడుస్తోంది మోకాలండీ," అన్నాను. నా శిక్ష రెట్టింపైంది.

బావ మళ్లీ అలాగేనండి అన్నాడు. ఇంకో రెండడుగులు వేశాడు. అరుపేమీ లేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగాడు.

ఆటోలో తిరుగు ప్రయాణం. బావ కాలు నా ఒళ్లో. అప్పుడే గ్రూపులో కోచ్ గారి వాయిస్ మెసేజ్ వచ్చింది, వీరులు మధ్యలో మానరని. ఆస్పత్రిలో డాక్టర్ గారు మాత్రం ఇక నేల మీద కూర్చోవద్దన్నారు. బావ ఆయనకీ అలాగేనండి అనే చెప్పాడు.

దసరా ముందు కొట్టుకి వెళ్లాను. బావ గుమ్మం పక్కన స్టూలు మీద కాలు చాపుకుని, దారిన పోయేవాళ్లని రండి రండి అని పిలుస్తున్నాడు. లోపల పరుపు మీద తమ్ముడు. ఇన్నేళ్లూ బావ కూర్చున్న చోట గుంట అలాగే ఉంది.

తమ్ముడు అందులో కూర్చోలేదు. దాని పక్కన కూర్చున్నాడు.